సంతకం రోజునే కనిపించే మోసం

2023 జనవరిలో మెదక్ జిల్లా టేక్మాల్ మండలంలో ఒక ఊరి శివారున కారు కాలిపోయి కనిపించింది. లోపల గుర్తుపట్టరానంతగా కాలిన శవం. కారు హైదరాబాద్ సచివాలయంలో పనిచేసే ఒక ఉద్యోగిది కాబట్టి పోయింది ఆయనే అనుకున్నారంతా. కొద్దిరోజులకే ఆ ఉద్యోగి పుణెలో నిక్షేపంగా దొరికాడు. ట్రేడింగులో పోగొట్టుకున్న డబ్బు, నెత్తిమీద అప్పు, తన పేరిట సుమారు 7 కోట్ల బీమా. తన పోలికలున్న ఒక బీదవాణ్ణి తెచ్చి చంపి, తన బదులు కారులో తగలబెట్టాడని పోలీసులు తేల్చారు.

పేపర్లన్నీ కాలిన కారు ఫోటో వేశాయి. క్లెయిముల సెక్షన్లో కూర్చునేవాళ్లకు ఆ ఫోటోతో పెద్దగా పని ఉండదు. వాళ్లడిగే ప్రశ్నలు వేరు. పాలసీలెన్ని? ఎప్పుడెప్పుడు తీసుకున్నాడు? జీతమెంత, బీమా ఎంత? ఒక కంపెనీలో తీసుకున్న సంగతి రెండో కంపెనీకి చెప్పాడా?

బీమా మోసం అనగానే మన దృష్టి చావు మీదికి పోతుంది. శవం ఎవరిది, ప్రమాదమా హత్యా, డాక్టరు ఏం రాశాడు. సినిమాకైతే అది బాగుంటుంది. బయటపడిన కేసుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం గుర్తుపట్టదగ్గ ఆనవాళ్లు చాలావరకు పాలసీ పుట్టిన రోజునే ఉన్నాయి. ఫారం ఎవరు నింపారు? ప్రీమియం ఎవరి జేబులోంచి వచ్చింది? బాండు ఎవరి బీరువాలో ఉంది? ఎవరి ప్రాణం మీద బీమా ఉందో ఆ మనిషికి ఆ సంగతి తెలుసా? మోసపోయేది కంపెనీ అయినా, పాలసీదారైనా, ఏమీ తెలియకుండా ప్రాణం పోగొట్టుకునే అమాయకుడైనా అడగాల్సినవి ఈ నాలుగే అని నా లెక్క.

వీటిలో నాలుగోది అన్నిటికంటే పాతది. పద్దెనిమిదో శతాబ్దపు లండన్లో ఎవరి ప్రాణం మీదైనా, ఆ మనిషికి తెలియకుండానే, ఎవరైనా బీమా తీసుకోగలిగేవారు. మంచాన పడ్డ పెద్దమనిషి పండగ దాకా ఉంటాడా లేదా అని కాఫీ హోటళ్లలో కూర్చుని పందెం కాసినట్టే పాలసీలు కొనేవారు. 1774లో బ్రిటిష్ పార్లమెంటు దానికి అడ్డుకట్ట వేసింది. ఆ ప్రాణం పోతే నిజంగా నష్టపోయేవాడే బీమా తీసుకోవాలంది. బీమా వాళ్లు దీన్ని ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ అంటారు. మామూలు మాటల్లో చెబితే, ఆ మనిషి బతికుండటంలో నీకు లాభం ఉండాలి.

ఆ సూత్రం తలకిందులైతే ఏమవుతుందో నల్గొండ జిల్లా చూసింది. 2021లో దామరచర్ల ప్రాంతంలో ఒక ముఠా దొరికింది. తండాల్లో జబ్బుతోనో తాగుడుతోనో చిక్కిపోయిన మనుషుల్ని వెతికి, వాళ్ల పేరిట పాలసీలు తీసి, ప్రీమియం తామే కట్టేవాళ్లు. మనిషి తనంతట తాను పోతే సరే. పోకపోతే చంపి, రోడ్డు మీద పడేసి, బండి గుద్దినట్టు చూపించేవాళ్లు. వచ్చిన డబ్బులో నామినీకి కొంత, మిగతాది ముఠాకు. ఒకటి కాదు, వరసగా కొన్నేళ్ల పాటు సాగింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. కూలి చేసుకునే మనిషి పేరిట, ఆ మనిషి ఏడాది సంపాదనకు ఏ పొంతనా లేని బీమా. ప్రీమియం కట్టింది చుట్టం కూడా కాదు. ఫారంలో ఇచ్చిన ఫోన్ నంబరు మోగేది ఇంకెవరి దగ్గరో. ఇవేవీ చావు తర్వాత పుట్టిన ఆధారాలు కావు. ఏజెంటు ఆ ఇంటి గడప తొక్కి, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి రెండు మాటలు అడిగి ఉంటే అక్కడే తెలిసిపోయేవి. ఏజెంటుకు ఇంటి గుట్టు తెలుసన్న నమ్మకంతోనే కదా, ఫారంతో పాటు ఆయన చేత రహస్య నివేదిక కూడా రాయించుకుంటారు. 'ఈయన్ని ఎంతకాలంగా ఎరుగుదురు?' అన్న గడిలో 'అయిదేళ్లు' అని రాయడానికి అర నిమిషం చాలు.

2025లో ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ పోలీసులు తవ్విన కేసు ఇదే బాపతు, కాకపోతే కార్ఖానా స్థాయిది. క్యాన్సరు లాంటి జబ్బులతో చివరి రోజుల్లో ఉన్నవాళ్ల సమాచారం కూడబెట్టడం, వాళ్ల పేరిట పాలసీలు తీయడం, ఆధార్ వివరాలు మార్చడం, చనిపోయినవాళ్లను సైతం బతికున్నట్టు చూపి బీమా చేయించడం. జబ్బు మనిషి ఆచూకీ చెప్పేది ఒకరు, ఖాతా తెరిచేది ఒకరు, సర్టిఫికెట్ తెచ్చేది ఒకరు. గొలుసు అనేక రాష్ట్రాలకు పాకింది. చికిత్సకు సాయం చేస్తామని వచ్చినవాళ్లు ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం అడిగి తీసుకుపోయి తిరిగివ్వడానికి తాత్సారం చేస్తే, ఆ ఇల్లు ఉలిక్కిపడాల్సింది అప్పుడే. మన ఊళ్లలోనూ ఫలానా పథకం వస్తుందని చెప్పి వేలిముద్రలు వేయించుకుపోయేవాళ్లు తక్కువేం కాదు.

ఓపిక పట్టగలిగే మోసగాళ్లూ ఉంటారు. లాస్ ఏంజెలెస్‌లో, పట్టుబడేనాటికి డెబ్భై దాటిన ఇద్దరు ముసలమ్మలు ఇల్లూ వాకిలీ లేని మగవాళ్లకు గదులు అద్దెకిప్పించి, తిండి పెట్టి, వాళ్ల మీద లక్షల డాలర్ల పాలసీలు తీశారు. ప్రతిసారీ ఆ మనిషి చేత సంతకం పెట్టించుకునే శ్రమ లేకుండా సంతకానికి రబ్బరు స్టాంపు చేయించుకున్నారు. కాలిఫోర్నియాలో పాలసీ తీసుకున్న రెండేళ్ల తర్వాత కంపెనీ పెద్దగా ప్రశ్నించలేదు. ఆ రెండేళ్లూ ఓపిగ్గా పోషించి, తర్వాత సందులో కారుతో తొక్కించారు. 1999లో ఒకరు, 2005లో ఒకరు. రెండో కేసు చూస్తున్న డిటెక్టివ్ తన ఆఫీసులో మాటల మధ్య ఆ సంగతి చెబుతుంటే పక్కనున్న ఇంకో డిటెక్టివ్‌కు పాత కేసు గుర్తొచ్చింది. అదే తరహా సందు, అదే తరహా చావు, శవం కోసం వచ్చింది ఆ ఇద్దరే. 2008లో శిక్ష పడింది. చుట్టరికం లేనివాళ్లు, 'కాబోయే భార్యను', 'వ్యాపార భాగస్వామిని' అంటూ నామినీలయ్యారని ఫారాల్లోనే ఉంది. చదివినవాళ్లు లేరు.

మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా కేసు ఒక్క ముక్కలో చెప్పుకోవచ్చు. అమెరికాలో చాలాకాలం ఉండి వచ్చిన ఒకాయన 2021లో మతిస్థిమితం లేని ఒక మనిషిని నాగుపాము చేత కరిపించి, పోయింది తానేనని చూపించి 50 లక్షల డాలర్ల అమెరికా బీమాకు దరఖాస్తు పెట్టించాడు. కంపెనీకి అనుమానం రావడానికి పాము కారణం కాదు. అంతకుముందే, 2017లో, బతికున్న భార్యను చనిపోయినట్టు చూపించబోయిన చరిత్ర ఆయన ఫైల్లోనే ఉంది.

కంపెనీలు నిజంగా దేన్ని అనుమానిస్తాయంటే, తొందరపడ్డ చావుని. దానికి వాళ్ల పేరు అర్లీ క్లెయిమ్. పాలసీ తీసుకున్న మూడేళ్ల లోపు మరణమైతే ఫైలు వేరే దారి పడుతుంది. ఎల్ఐసీలో పాత పాలసీకి ఒక చిన్న ఫారంతో పని అయిపోతుంది. అదే మూడేళ్ల లోపైతే క్లెయిమ్ ఫారం ఎ మాత్రమే కాదు, చివరిసారి చూసిన డాక్టరు ఇచ్చే బి, ఆస్పత్రి వాళ్లిచ్చే బి1, శవాన్ని చూసి, అంత్యక్రియలకు హాజరైన పరువుగల మనిషి సంతకం పెట్టే సి, ఉద్యోగి అయితే సెలవుల లెక్కతో యజమాని ఇచ్చే ఇ కూడా కావాలి. ఈ అక్షరాల వరసను చాలామంది విసుక్కుంటారు. కానీ ఒక్కో ఫారం ఒక్కో అబద్ధానికి అడ్డం. మనిషి నిజంగా పోయాడా అనేది సి అడుగుతుంది. ఎప్పటి నుంచి జబ్బు అనేది బి అడుగుతుంది. పాలసీ తీసుకునే ముందు నెలల తరబడి సిక్ లీవులో ఉన్న సంగతి ఇ బయటపెడుతుంది.

మరణ ధ్రువపత్రం సంగతీ అంతే. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆస్పత్రి కాగితం లేదు, పోస్ట్‌మార్టం లేదు, ఎక్కడో వేరే ఊళ్లో పోయాడు, నమోదు ఆలస్యంగా, అదీ ఏ సంబంధమూ లేని పంచాయతీలో. ఇన్ని కలిసిన చోట ఇన్వెస్టిగేటరు బండి కిక్కు కొడతాడు. ఊళ్లోకి రాగానే అతను ఇంటికి వెళ్లడు. టీకొట్టు దగ్గర, మందుల షాపు దగ్గర ఆగుతాడు. పోయినాయన చివరిసారి ఎప్పుడు కనిపించాడో, ఏ మాత్రలు వాడేవాడో అక్కడ దొరికినట్టు కాగితాల్లో దొరకదు.

2024లో రంగారెడ్డి జిల్లా కొందుర్గులో బయటపడ్డది మాత్రం టీకొట్టు దాకా కూడా వెళ్లనవసరం లేనిది. తెలంగాణ రైతుబీమా 2018 ఆగస్టు 15న మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా కుటుంబానికి 5 లక్షలు, అదీ పది రోజుల్లో. మంచి పథకం, నిజంగానే ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. అక్కడి వ్యవసాయ విస్తరణ అధికారి ఒకరు బతికున్న రైతుల్ని ఓ ఇరవై మందిని కాగితాల మీద చంపేసి డబ్బు లాగాడన్నది కేసు. ధ్రువీకరించాల్సినవాడే దొంగయితే ఏ ఫారమూ ఆపలేదు. అక్కడ చూడాల్సిన గుర్తు ఒకటే: ఇన్ని కుటుంబాల డబ్బు చేరిన ఖాతాల వెనక ఒకే చెయ్యి.

ఇక్కడిదాకా కంపెనీ కళ్లతో చూశాం. ఇప్పుడు అవతలి ఒడ్డుకు పోదాం, ఎందుకంటే ఈ గుర్తులకు రెండు వైపులా పదునుంది. మూడేళ్ల లోపు పోయినవాళ్లంతా మోసగాళ్లు కారు. రెండో నెల ప్రీమియం కట్టి గుండెపోటుతో పోయిన ముప్పై అయిదేళ్లవాడి భార్య కూడా ఆ ఎ, బి, సి ఫారాలే పట్టుకుని తిరగాలి. అందుకే చట్టం ఒక గీత గీసింది. 1938 బీమా చట్టంలోని 45వ సెక్షను 2015 సవరణ తర్వాత చెప్పేదేమిటంటే, పాలసీ మొదలై మూడేళ్లు నిండాక ఏ కారణంతోనూ, చివరికి మోసమన్న కారణంతో కూడా, కంపెనీ దాన్ని ప్రశ్నించకూడదు. లాప్సయిన పాలసీని రివైవ్ చేయిస్తే ఆ తేదీ నుంచి మళ్లీ లెక్క. మూడేళ్ల లోపు అయితే మోసమనో, ముఖ్య విషయం దాచారనో, కారణాలు రాతపూర్వకంగా చూపాలి. మోసం కాక, పొరపాటున దాచిన విషయమైతే కట్టిన ప్రీమియం వెనక్కివ్వాలి.

దాచడం అంటే ఏమిటో సుప్రీంకోర్టులో రెండు కేసులు పక్కపక్కన చదివితే బాగా తెలుస్తుంది. 2019లో ఒకటి. రెండు నెలల కిందటే ఇంకో కంపెనీలో 11 లక్షల పాలసీ తీసుకున్నాయన, కొత్త ఫారంలో ఇతర పాలసీలు లేవని రాశాడు. కోర్టు కంపెనీ పక్షాన నిలిచింది. సంతకం పెట్టాక, ఖాళీ ఫారం మీద పెట్టానన్నా, ఏజెంటు రాశాడన్నా కుదరదంది. 2025లో ఇంకొకటి. ఈయన 40 లక్షల పెద్ద పాలసీ సంగతి చెప్పి, చిన్నాచితకా పాలసీలు కొన్ని చెప్పలేదు. ఈసారి కోర్టు కుటుంబానికి డబ్బివ్వమంది. పెద్దదే చెప్పినవాడు చిన్నవి దాచి మోసం చేశాడనడం కుదరదని దాని భావం. నాకు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డంగా కనిపించవు. అడిగింది అంకెలు కావు, మనిషి స్తోమతకు మించి తన ప్రాణానికి వెల కట్టుకున్నాడా అన్నది.

నిజానికి స్వతంత్ర భారతంలో తొలినాళ్ల పెద్ద జీవిత బీమా మోసాల్లో ఒకటి పాలసీదారుది కానే కాదు, యజమానిది. భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ సొమ్మును రామకృష్ణ దాల్మియా సొంత వ్యాపారాలకు మళ్లించిన కేసు 1950ల్లో బయటపడి, 1956లో జీవిత బీమా జాతీయం కావడానికి వాదనలు సమకూర్చిన వాటిలో ఒకటైంది. అలా పుట్టిన ఎల్ఐసీ రెండేళ్లు తిరక్కుండానే ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో డబ్బు పోసి రచ్చకెక్కింది. ఆర్థికమంత్రి టీటీ కృష్ణమాచారి 1958లో రాజీనామా చేయాల్సి వచ్చింది. అందుచేత మోసగాడంటే క్లెయిము పెట్టేవాడే అన్న ధోరణి నాకు మింగుడుపడదు. హైదరాబాదులోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పాలసీదారులతో పాటు ఏజెంట్లూ బ్రోకర్లూ చేసేవి, కంపెనీ సిబ్బంది చేసేవి వేర్వేరు పద్దులుగా పెట్టింది.

ఏజెంటు చేసేదాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ప్రీమియం నగదుగా ఇవ్వమని, రసీదు తర్వాత తెస్తాననీ అంటే, లేదా తన సొంత ఫోన్ నంబరుకు పంపమంటే, ఆ డబ్బు కంపెనీకి చేరిందో లేదో ఆ రోజే చూసుకోవాలి. మొదటి ప్రీమియంలో సగం నేనే కడతానని ఆశ పెట్టడం కూడా తప్పే. బీమా చట్టం 41వ సెక్షను కింద రిబేటు నేరం, 10 లక్షల దాకా జరిమానా. ఊరూరా ఇది మామూలైపోయింది కాబట్టి తప్పనిపించదు, అంతే. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడానికి వెళ్లిన రిటైరైన మాస్టారు చేతిలో పెట్టే పాలసీ ఇంకో బాధ. 'ఒక్కసారి కడితే చాలండి' అంటారు. బాండు ఇంటికొచ్చాక చూస్తే పదేళ్లు ఏటా కట్టాలని ఉంటుంది. వెరిఫికేషన్ కాల్ వస్తే 'అన్నిటికీ అవుననండి, ఫార్మాలిటీ' అని ముందే చెప్పి ఉంచుతారు. ఆ ఒక్క మాట చాలు, లేచి రావడానికి. బాండు చేతికందిన రోజు నుంచి 30 రోజులు గడువుంది. నచ్చకపోతే తిప్పి పంపవచ్చు, కొద్దిపాటి ఖర్చులు పోను డబ్బు వెనక్కొస్తుంది.

ఫోన్ కాల్ సంగతి మా కుటుంబంలోనే చూశాను. మొన్న సంక్రాంతికి పిన్ని ఇంట్లో ఉండగా ఆవిడకు ఫోనొచ్చింది. పప్పులో పోపు పెడుతూ స్పీకరులో పెట్టింది. అవతలి మనిషి హిందీ యాసతో తెలుగు. పిన్ని పేరు, పుట్టినరోజు, పాలసీ నంబరు గడగడా చెప్పాడు. మీ పాలసీకి 3 లక్షల 80 వేల బోనస్ పెండింగులో ఉంది మేడమ్, మీ ఏజెంటు దాన్ని నొక్కేస్తున్నాడు, మేం ఐఆర్‌డీఏ నుంచి మాట్లాడుతున్నాం, ఏజెంటు కోడ్ తీసేసి మీకే ఇప్పిస్తాం, జీఎస్టీ మాత్రం ఈ పూటే కట్టాలి అన్నాడు.

"మా ఆయన్ని అడిగి చెబుతాను బాబూ" అంది పిన్ని.

"సార్‌కి చెబితే ఫైలు క్యాన్సిల్ అవుద్ది మేడమ్."

పిన్ని స్టవ్ కట్టేసి నా వైపు చూసింది. "ఇంట్లో చెప్పొద్దంటాడేంటిరా వీడు?"

నేను ఎన్ని వ్యాసాలు రాసినా పిన్నికి తట్టింది నాకు ముందు తట్టలేదు. నేను జీఎస్టీ దగ్గర ఆగిపోయాను. వ్యక్తిగత జీవిత బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేనే లేదు. ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదు, బోనస్ ప్రకటించదు, ప్రీమియంలు పెట్టుబడి పెట్టదు. ఆ సంస్థే ఏళ్ల తరబడి ప్రకటనలిస్తోంది. వివరాలన్నీ వాడికి తెలియడం గొప్పేమీ కాదు, పాలసీదారుల జాబితాలు బజార్లో చేతులు మారుతుంటాయి. అయినా ఈ లెక్కలేవీ తెలియని మనిషికి కూడా సరిపోయే గుర్తు పిన్ని చెప్పిందే. ఇలాంటివి వస్తే ఐఆర్‌డీఏఐ నంబరు 155255కు చెప్పవచ్చు, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి. కంపెనీతోనే తగువైతే ముందు వాళ్లకు రాసి, నెల చూసి, హైదరాబాదులోని బీమా లోకపాల్ దగ్గరకు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఆ సాయంత్రం పిన్ని చేత అసలు బాండు తీయించాను. బీరువాలో పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవరులో ఉంది. బాండు వెనక ప్రపోజల్ ఫారం నకలు కుట్టి ఉంటుంది, సాధారణంగా ఎవరూ తిప్పి చూడరు. తిప్పాను. రాత ఆవిడది కాదు, సంతకం మాత్రం ఆవిడదే. పదకొండో గడి, మధుమేహం ఉందా? 'లేదు' అని గుండ్రటి అక్షరాలు. పిన్ని ఎనిమిదేళ్లుగా మాత్రలు మింగుతోంది.

"ఏజెంటబ్బాయి అడిగాడు, ఉందనే చెప్పానురా" అంది. "అవన్నీ రాస్తే పని ఆలస్యమవుద్ది, నేను చూసుకుంటాలే పిన్నీ అన్నాడు."

పాలసీ తేదీ చూశాను. మూడేళ్లు నిండటానికి ఇంకా ఎనిమిది నెలలుంది. ఊరుకుంటే గడిచిపోతాయని బాబాయ్ సణిగాడు. పిన్ని ఒప్పుకోలేదు. మర్నాడు ఆవిడ పేరిట బ్రాంచి మేనేజరుకు ఉత్తరం రాశాం. ఫలానా గడిలో జవాబు తప్పు పడింది, నాకు ఇన్నేళ్ల నుంచి మధుమేహం ఉంది, ఈ మాత్రలు వాడుతున్నాను, రికార్డులో సరిచేయండి, ప్రీమియం పెరిగితే కడతాను అని. ఏజెంటు పేరెత్తలేదు, పిన్ని వద్దంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సహా స్టాంపు వేయించుకున్నాం. కౌంటరులో అమ్మాయి ఉత్తరం రెండుసార్లు చదివి, "ఇలా ఎవరూ రాయరండీ" అంది.